ఊపిరికి తోడు మరో తిత్తి

కిందటి నెల ఈ పేజీకి వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని చదివి పక్కన పెట్టలేకపోయాను. రాసిన చెల్లెలిది గోదావరి జిల్లాల్లో ఒక పల్లెటూరు. పేరూ ఊరూ అచ్చు వెయ్యవద్దన్నది, వెయ్యను. సంగతి మాత్రం నలుగురికీ చెప్పమన్నది, అంచేత చెబుతున్నాను.

వాళ్ళ మావగారు రాత్రి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ ఆయాసంతో కూలబడిపోయారట. 108 బండిలో పట్నం ఆస్పత్రికి చేర్చేసరికి ఊపిరి ఎగశ్వాసగా ఉందట. అక్కడ నర్సు ఆయన ముక్కూ నోరూ మూసేలా గిన్నెలాంటిదొకటి పెట్టి, దానికి తగిలించిన రబ్బరు సంచీని నొక్కడం మొదలుపెట్టింది. ఇంతలో పక్క మంచం మీది మనిషికి ప్రాణం మీదికి వచ్చింది. ఆ పిల్ల చేసేదిలేక, సంచీని ఈ చెల్లెలి మరిది చేతిలో పెట్టి, "నొక్కుతూ ఉండండి, ఆపకండి" అని అటు పరుగెత్తింది. మరిది నొక్కాడు. ఎలా నొక్కాడు? కన్నతండ్రి కళ్ళముందు పోతుంటే ఎవరైనా ఎలా నొక్కుతారో అలాగే, గబగబా, ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. కాసేపటికి ముసలాయన పొట్ట ఉబ్బింది, వాంతి అయింది. డాక్టరు పరుగున వచ్చి గొట్టం వేసి మిషను పెట్టారు. నాలుగో రోజున ఆయన పోయారు.

"ఆనాటినుంచీ మా మరిది సరిగా అన్నం తినడు, అక్కయ్యగారూ! నాన్నను నేనే చంపుకున్నానంటాడు. ఆ సంచీ ఏమిటి? దాన్ని మా చేతికివ్వడం సబబేనా? వాడు నొక్కినందువల్లే ఆయన పోయారా?" అని ఆవిడ అడిగింది.

ముప్ఫై ఏళ్ళకు పైగా సర్కారు ఆస్పత్రుల్లో తెల్లకోకతో తిరిగినదాన్ని. ఈ మూడు ప్రశ్నలూ ఎంతమంది కళ్ళల్లో చూశానో లెక్కలేదు. నోరు తెరిచి అడిగినవారు మాత్రం తక్కువ. ఒక్కొక్కటే చెబుతాను. మూడోదానికి సమాధానం అర్థం కావాలంటే మొదటి రెండూ తెలియాలి కనుక, కాస్త ఓపిక పట్టండి.

మన భాష ఎంత చక్కనిదో చూడండి. లోపలున్నవాటిని మనం "ఊపిరితిత్తులు" అంటాం. తిత్తి అంటే సంచీయే కదా! కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి మీరు చూసే ఉంటారు. నొక్కితే గాలి నిప్పుమీదికి పోతుంది, వదిలితే మళ్ళీ నిండుతుంది. ఆస్పత్రిలో ఆ రబ్బరు సంచీ సరిగ్గా అదే. లోపలి తిత్తులు అలిసిపోయి ఆగిపోతే, వాటికి బయటినుంచి తోడు నిలిచే మరో తిత్తి. మేమంతా దాన్ని ఆంబూ బ్యాగు అంటాం.

దానికి ముఖ్యంగా మూడు భాగాలు. ముఖానికి ఆనించే మాస్కు ఒకటి. నొక్కగానే దానంతటదే మళ్ళీ ఉబ్బే సంచీ రెండోది. ఆ రెంటి మధ్యా ఒక చిన్న కవాటం. ప్రాణమంతా ఆ కవాటంలోనే ఉంది. సంచీలోని మంచిగాలిని అది రోగివైపు పోనిస్తుంది, రోగి వదిలిన చెడుగాలిని సంచీలోకి రానివ్వకుండా పక్కనుంచి బయటికి తోసేస్తుంది. దీనికి కరెంటు అక్కరలేదు. సిలిండరు లేకపోయినా పనిచేస్తుంది. మనం పీల్చే మామూలు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు ఉంటుంది. సిలిండరు గొట్టం తగిలించి, వెనక ఇంకో పల్చటి సంచీ కడితే, అది దాదాపు నూటికి నూరుపాళ్ళకు చేరుతుంది. కరెంటు పోయిన రాత్రి, బండి గతుకుల్లో పడిపోయేటప్పుడు, మిషను మొరాయించినప్పుడు చివరకు దిక్కయ్యేది ఇదే. అందుకే ఎంత ఖరీదైన శ్వాసమిషను ఉన్న మంచం పక్కనైనా ఒక ఆంబూ బ్యాగు వేళ్ళాడుతూనే ఉంటుంది.

ఇది పుట్టిన కథ కూడా వినదగిందే. 1952లో డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో జాడ్యం చెలరేగింది. అక్కడి బ్లెగ్‌డామ్ ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో చాలామందికి కాళ్ళూ చేతులే కాదు, ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుపడ్డాయి. అంత పెద్ద ఆస్పత్రిలోనూ మనిషిని పెట్టెలో పెట్టి ఊపిరాడించే యంత్రం ఒక్కటే ఉండేది, ఛాతీకి తొడిగే చిన్నరకం యంత్రాలు మరో ఆరు. మొదటి మూడు వారాల్లో ఊపిరి ఆగిన 31 మందిలో 27 మంది పోయారు. అప్పుడు పెద్ద డాక్టరు లాసెన్, మత్తుమందు డాక్టరు బియోర్న్ ఇబ్సెన్‌ను పిలిపించారు. ఆపరేషన్లప్పుడు మత్తులో ఉన్న రోగికి మేము చేతితో సంచీ నొక్కి ఊపిరి పోస్తున్నాం కదా, ఇక్కడా అదే ఎందుకు చెయ్యకూడదన్నాడు ఇబ్సెన్. ఆగస్టు నెలాఖరులో, ఇక పోతుందనుకున్న 12 ఏళ్ళ పిల్లకు గొంతు దగ్గర కోసి గొట్టం పెట్టి, సంచీతో ఊపిరి పోశాడు. పిల్ల బతికింది.

బాగానే ఉంది. కాని ఒక పిల్లయితే సరే, ఒక దశలో 70 మందికి ఒకేసారి రాత్రింబవళ్ళు నొక్కవలసి వచ్చింది! ఎవరు నొక్కాలి? వైద్యవిద్యార్థులను పిలిచారు. సుమారు 1500 మంది కుర్రాళ్ళు, అమ్మాయిలు వంతులవారీగా మంచం పక్కన కూర్చుని నెలల తరబడి నొక్కారు. కొందరు ఒక చేత్తో నొక్కుతూ, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని పిల్లలకు కథలు చదివేవారట. నూటికి ఎనభైమందికి పైగా పోతున్న చోట, ఆ తరువాత బతికేవారే ఎక్కువయ్యారు. నేటి ఇంటెన్సివ్ కేర్ వార్డులన్నిటికీ తల్లివేరు అక్కడే ఉన్నదంటారు.

ఆ సంచీలకు ఒక లోపం ఉండేది. అవి తమంతట తాము ఉబ్బేవి కావు, సిలిండరునుంచి గాలి వస్తేనే నిండేవి. ఆ తరువాత ఆ దేశంలో లారీ డ్రైవర్లు సమ్మె కట్టినప్పుడు ఆస్పత్రులకు సిలిండర్లు రావడమే గండమైంది. హెనింగ్ రూబెన్ అనే మత్తుమందు డాక్టరు, హోల్గర్ హెస్సె అనే ఇంజనీరు కలిసి దీనికి విరుగుడు వెతికారు. రూబెన్ మొదట ఏం చేశాడో తెలుసా? సైకిలు చక్రపు పుల్లలు నాలుగు కలిపి అతికించి సంచీలో పెట్టాడు. నొక్కి వదిలితే ఆ పుల్లల బిగువుకు సంచీ మళ్ళీ విచ్చుకునేది! అలా మొదలై, 1956 నాటికి ఆంబూ బ్యాగు బజారులోకి వచ్చింది. ఆ ఊహకు పెట్టుబడి నాలుగు సైకిలు పుల్లలు. దాని పుణ్యాన నిలిచిన ప్రాణాలకు లెక్క ఎవరు కట్టగలరు?

ఇక దాన్ని వాడే తీరు చెబుతాను. చూడ్డానికి చంటిపిల్లాడి బూరా నొక్కినంత సులువు. కాని మా నర్సింగు పిల్లలకు నేర్పేటప్పుడు, అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టేది దీనికే.

మొదటి మెలకువ సంచీది కాదు, మెడది. స్మారకం లేని మనిషి వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. ఆ దారి తెరవకుండా ఎంత నొక్కినా గాలి ఊపిరితిత్తులకు పోదు. తల కాస్త వెనక్కి వాల్చి గడ్డం పైకెత్తాలి. మెడ ఎముక దెబ్బతిన్నదని అనుమానముంటే తల వాల్చకుండా దవడ మాత్రం ముందుకు తియ్యాలి. రెండో మెలకువ మాస్కు. బొటనవేలూ చూపుడువేలూ మాస్కు చుట్టూ వంకీలా బిగించి, తక్కిన మూడువేళ్ళూ దవడ ఎముక కింద వేసి, మాస్కును ముఖానికి నొక్కడం కాదు సుమా, ముఖాన్నే మాస్కులోకి ఎత్తాలి. పక్కనుంచి గాలి బుస్సుమంటే పని జరగనట్టే. గుబురు గడ్డాలవారితో మాకు ఇదే తంటా. కట్టుడుపళ్ళు గట్టిగా ఉంటే తియ్యం, బుగ్గలకు ఆధారంగా ఉంటాయి. వదులైతే తీసేస్తాం, గొంతులోకి జారవచ్చు. ఒక్కరే మాస్కూ పట్టుకుని సంచీ కూడా నొక్కడం చెయ్యితిరిగినవారికే కష్టం. వీలుంటే ఇద్దరుండాలి. ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకుంటే, రెండోవారు నొక్కాలి.

మూడోది నొక్కడం. పెద్దవారి సంచీలో సుమారు లీటరున్నర గాలి పడుతుంది. మనిషి తాపీగా తీసే ఒక్క ఊపిరి అరలీటరు. అంటే మూడోవంతు నొక్కితే చాలు, పిండెయ్యనక్కరలేదు. ఒక సెకను పాటు మెల్లగా నొక్కి, ఛాతీ కాస్త లేవగానే వదిలెయ్యాలి. ఛాతీయే కొలపాత్ర. గుండె కొట్టుకుంటూ ఊపిరి మాత్రమే ఆగిన పెద్దవారికి ఆరు సెకన్లకొక ఊపిరి, అంటే నిమిషానికి 10. పిల్లలకు రెండుమూడు సెకన్లకొకటి. పుట్టగానే ఏడవని పసిగుడ్డుకు పావులీటరు సంచీతో నిమిషానికి 40 నుంచి 60 దాకా. ఆ పసిగుడ్డు విషయంలో మొదటి నిమిషంలోనే మొదలుపెట్టాలి. కానుపు ఇంట్లో వద్దు, ఆస్పత్రిలో కావాలని మేము పోరు పెట్టడానికి ఈ చిన్న సంచీ కూడా ఒక కారణం.

మరి గబగబా నొక్కితే ఏమవుతుంది? గొంతులో రెండు దారులున్నాయి కదా! ఒకటి ఊపిరిది, ఒకటి అన్నానిది. మెల్లగా పంపితే గాలి ఊపిరిదారిన పోతుంది. విసురుగా తోస్తే అన్నందారి కూడా తెరుచుకుని పొట్టలోకి పోతుంది. పొట్ట ఉబ్బుతుంది, తిన్నది పైకి వస్తుంది, అది ఊపిరితిత్తుల్లో పడితే ప్రమాదం. అంతే కాదు, ఛాతీ ఎప్పుడూ గాలితో బిగిసి ఉంటే గుండెకు రక్తం తిరిగిరావడం కూడా తగ్గుతుంది. అంచేత ఊపిరి ఎక్కువ పోస్తే మేలు ఎక్కువ అనుకోవడం పొరపాటు. పంటకు నీరు ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే.

ఇంత నెమ్మదిగా నొక్కడంలో ఎంత బలముందో ఒక్క సంగతి చెబుతాను.

1983 వర్షాకాలం. నేనొక తాలూకా ఆస్పత్రిలో ఉన్నాను. తెల్లవారుతూండగా పధ్నాలుగేళ్ళ కుర్రవాణ్ణి ఎడ్లబండిలో తీసుకొచ్చారు. రాత్రి నేలమీద చాప వేసుకుని పడుకున్నాడట. మూడో జామున కడుపునొప్పి అని లేస్తే తల్లి జీలకర్ర నూరి ఇచ్చింది. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముక్కుతో వచ్చింది, ఉమ్మి మింగలేకపోయాడు. కాటు గుర్తు వెతికితే కనిపించలేదు. డాక్టరుగారు మాత్రం చూడగానే కట్లపాము అన్నారు. ఆ పాము అంతే, రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, నొప్పీ వాపూ అంతగా ఉండవు. దాని విషం రక్తాన్ని కాదు, నరాలూ కండరాలూ కలిసేచోటును పట్టుకుంటుంది. విరుగుడు మందు ఇవ్వవలసిందే, ఇచ్చాం. కాని అప్పటికే పట్టుకున్న కండరాలను ఆ మందు విడిపించలేదు. అవి వాటంతటవి కోలుకోవాలి, దానికి రోజులు పడతాయి. అన్నాళ్ళూ ఊపిరి ఎవరో ఒకరు పొయ్యాలి. పోస్తే చాలామంది మామూలు మనుషులై లేచి నడుస్తారు. పొయ్యకపోతే గంటల్లో పోతారు. మధ్యేమార్గం లేదు.

మాకు శ్వాసమిషను లేదు. జిల్లా ఆస్పత్రికి పంపుదామంటే వాగు పొంగి దారి మూసుకుపోయింది. డాక్టరుగారు గొట్టం వేసి ఆంబూ బ్యాగు నా చేతికిచ్చారు. ఆ పగలు, ఆ రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా నొక్కాం. నేనూ, ఇంకో సిస్టరూ, కాంపౌండరుగారూ, వార్డుబాయి, ఆఖరికి కుర్రవాడి తండ్రీ మేనమామా కూడా వంతులు వేసుకున్నాం. వాళ్ళిద్దరినీ ముందు నా పక్కన కూర్చోబెట్టుకుని, నా చెయ్యిమీద వాళ్ళ చెయ్యి వేయించి, ఎంత నొక్కాలో చూపించి గాని ఇవ్వలేదు. కాంపౌండరుగారు గడియారం చూసి "ఊఁ" అంటే నొక్కడం. అరగంటకే వేళ్ళు కొంకర్లు పోయేవి.

సాయంత్రానికి కుర్రవాడు చెయ్యి కదపడు, రెప్ప ఎత్తడు, గిల్లినా ఉలకడు. వసారాలో బంధువులు ఏడుపులు మొదలెట్టారు. పీనుగుకు గాలి కొడుతున్నారన్నారు ఒకరు. డాక్టరుగారు వాళ్ళను పిలిచి కుర్రవాడి మణికట్టు పట్టుకోమన్నారు. నాడి గుర్రంలా కొట్టుకుంటోంది. "వాడు చావలేదు, కదల్లేడంతే. మీరనేవన్నీ వాడికి వినబడుతూ ఉండవచ్చు. తిన్నగా మాట్లాడండి" అన్నారు. నాకూ అదే నియమం. నొక్కినంతసేపూ వాడితో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను.

మర్నాడు వాగు తీసింది. జీపులో వెనక కూర్చుని దారిపొడుగునా నొక్కుతూ జిల్లా ఆస్పత్రికి చేర్చి, మిషను మీద పెట్టించాం. మూడువారాల తరువాత తండ్రీ కొడుకూ నడిచి మా ఆస్పత్రికి వచ్చారు. కుర్రవాడు సిగ్గుపడుతూ నాతో చెప్పిన మొదటిమాట ఏమిటో తెలుసా? "సిస్టరుగారూ, వసారాలో మా పెదనాన్న కట్టెలు పురమాయించాడండీ. నేను విన్నాను" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది.

అందుకని పాఠకులకు రెండు మాటలు. కట్లపాము తిరిగే ఊళ్ళల్లో వానాకాలం నేలమీద పడుకోకండి. మంచం మీద దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. రాత్రి పడుకున్న మనిషికి తెల్లవారుజామున రెప్పలు వాలుతుంటే, కాటు కనబడకపోయినా, మంత్రగాడి ఇంటికి కాదు, ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇక ఆ చెల్లెలి రెండో ప్రశ్న. సంచీని ఇంటివారి చేతికివ్వడం సబబేనా? సబబు కాదు. అది నేర్చినవారు చెయ్యవలసిన పని. అయితే మన ఆస్పత్రుల్లో ఒక్క నర్సు ఎన్ని మంచాలు చూస్తుందో మీకు తెలియనిది కాదు. ఇద్దరికి ఒకేసారి ఊపిరి ఆగితే ఆ పిల్లకు ఉన్నవి రెండు చేతులే. ఆవిడను తిట్టిపోయకండి. తిట్టవలసింది చాలినంతమందిని నియమించని పద్ధతిని. ఆ మాట మీ శాసనసభ్యుడి చెవిని వెయ్యండి, అక్కడ వేస్తే ప్రయోజనం.

ఈలోగా మీకే అలాంటి అవసరం పడితే, ఆవిడ కదిలేలోగా నాలుగు మాటలు అడగండి. "ఎన్ని లెక్కపెట్టి నొక్కాలి? ఎంతవరకు నొక్కాలి? ఒకసారి నొక్కి చూపిస్తారా? ఏం జరిగితే మిమ్మల్ని పిలవాలి?" వీటికి సమాధానం అర నిమిషం పని. తరువాత మీరు చూడవలసింది సంచీని కాదు, రోగి ఛాతీని. నొక్కినప్పుడల్లా కాస్త లేచి దిగాలి. మనసులో "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, నొక్కు" అనుకోండి. మీ గుండె దడదడలాడుతుంటే దాని వేగానికి చెయ్యి పోతుంది, అందుకే లెక్క పైకే చదవండి. గొంతులో గొట్టం వేసి ఉంటే దాన్ని లాగకుండా సంచీ బరువు చేత్తో ఆనించి పట్టుకోండి. ఛాతీ లేవకపోయినా, సంచీ ఒక్కసారిగా బిగిసినట్టున్నా, పొట్ట ఉబ్బుతున్నా, వాంతి అయినా, పెదవులు నీలంగా మారినా మొగమాటపడకుండా కేకపెట్టండి. చెయ్యి నొప్పెడితే పళ్ళబిగువున ఓర్చుకోకండి, పక్కవారికి అందించండి. అలిసిన చెయ్యి లెక్క తప్పుతుంది.

ఇక మూడోది. అమ్మాయీ, ఈ భాగం మీ మరిదికి చదివి వినిపించు.

నాయనా, నువ్వు గబగబా నొక్కడంవల్ల పొట్టలోకి గాలి పోయి ఉండవచ్చు. అది లేదని నీకు అబద్ధం చెప్పను, చెబితే నువ్వు నమ్మవు కూడాను. కాని నీకు ఎవరూ చెప్పని లెక్క నువ్వు తప్పావనడం న్యాయం కాదు. నీకు తెలియని ఇంకో సంగతి విను. అమెరికాలో మిల్వాకీ అనే నగరంలో, ఈ విద్యలో తరిఫీదు పొంది, అదే ఉద్యోగంగా చేసేవారు నిజమైన రోగులకు ఎలా నొక్కుతున్నారో గడియారం పెట్టి చూశారు. 2004లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం వారు సగటున నిమిషానికి 30 సార్లు నొక్కుతున్నారు. నొక్కవలసినదానికి రెట్టింపు పైమాట! నేర్చినవారి చేతులే ఆ గడబిడలో పరుగులు తీస్తే, తండ్రి మంచం పక్కన నిలబడ్డ కొడుకు చెయ్యి నెమ్మదిగా ఆడుతుందా? మరొకటి. స్మారకం లేనివారికి, ఊపిరి ఆగినవారికి, ఎంత చెయ్యితిరిగిన నర్సు నొక్కినా వాంతులు అవుతూనే ఉంటాయి. అప్పుడే భోజనం చేసిన మనిషి కూడాను.

ఊపిరి ఆగాక మెదడు తట్టుకునేది అయిదారు నిమిషాలు. డాక్టరు వచ్చి గొట్టం వేసేదాకా ఆ నిమిషాల్లో గాలి అందించింది నువ్వు. నువ్వు చేతులు కట్టుకుని నిలబడితే ఆ నాలుగు రోజులు కూడా ఉండేవి కావు. ఆయన్ను పడదోసిన జబ్బు నీ చేతికి సంచీ రాకముందే వచ్చింది. ఆ జబ్బు ఏమిటో మీ అన్నదమ్ములిద్దరూ వెళ్ళి, చూసిన డాక్టరునే అడగండి. కాగితాలు అడిగి తీసుకునే హక్కు మీకుంది. ఊహించుకుని కుమిలిపోవడంకన్నా తెలుసుకోవడం మేలు. అప్పటికీ తిండీ నిద్రా కుదరకపోతే అది కూడా జబ్బే, వైద్యుడికి చూపించుకోవలసినదే. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. మనసుకు వైద్యం చేయించుకోవడంలో చిన్నతనం ఏమీలేదు.

ఇది చదివి, ఇంట్లో ఒక ఆంబూ బ్యాగు కొని పెట్టుకుందామని కొందరికి అనిపిస్తుంది. వద్దు. ఇంట్లో గొంతు గొట్టంతోనో, మిషను మీదనో ఉన్న రోగులుంటే, ఆస్పత్రివారే నేర్పి మరీ ఇస్తారు. తక్కినవారికి అది బీరువాలో బొమ్మ. మీకు కావలసింది సంచీ వచ్చేదాకా చేతులతో చెయ్యవలసిన పని.

మనిషి పడిపోయి, భుజం తట్టి పిలిస్తే పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే, వెంటనే ఒకరు 108కి ఫోను చెయ్యాలి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన ఆ బండిలో ఆంబూ బ్యాగూ ఉంటుంది, ప్రాణవాయువూ ఉంటుంది, వాడే మనిషీ ఉంటాడు. ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగబీల్చడాన్ని ఊపిరి అనుకుని మోసపోకండి. బండి వచ్చేదాకా మనిషిని గట్టినేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడిమధ్య అరచేతి మొదలు ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతు దిగేలా నొక్కాలి. వేగం నిమిషానికి 100 నుంచి 120. ఇక్కడ మాత్రం వేగం కావాలి, బలం కావాలి. ఊపిరి సంచీ మెల్లగా, రొమ్ము గట్టిగా: ఈ తేడా గుర్తుంచుకోండి. నేర్చుకున్నవారైతే 30 సార్లు నొక్కి, తల వాల్చి ముక్కు మూసి నోటితో రెండు ఊపిరులు ఊదాలి. నేర్చుకోనివారు నొక్కుతూ ఉంటే చాలు. అయితే నీళ్ళల్లో మునిగినవారికి, చిన్నపిల్లలకు ఊపిరి ఊదడం ముఖ్యం. చుట్టూ మూగినవారిని దూరం జరపండి. నోట్లో నీళ్ళు పొయ్యకండి. ఉల్లిపాయా తాళాలగుత్తీ వెతకడంలో నిమిషాలు పారేసుకోకండి.

ఇవన్నీ చదివితే వచ్చేవి కావు, చేసి నేర్చుకోవలసినవి. రెడ్‌క్రాసు వారూ, సెయింట్ జాన్ అంబులెన్సు వారూ ప్రథమచికిత్స తరగతులు నడుపుతారు. వారిదగ్గర ఒక బొమ్మమనిషి ఉంటాడు, ఎంత నొక్కినా కోప్పడడు. మీ డ్వాక్రా సంఘంలోనో, అపార్టుమెంటు సంఘంలోనో పదిమంది పోగై అడిగితే మీ దగ్గరికే వచ్చి నేర్పేవారు దొరుకుతారు. ఆడవాళ్ళం మనకెందుకని వెనక్కు తగ్గకండి. పగటిపూట ఇంట్లో ముసలివారి పక్కనా, పసివారి పక్కనా ఉండేది ఎక్కువగా మనమే. వంటింటి గోడమీద పాలవాడి లెక్క పక్కన 108 అని పెద్ద అంకెలతో రాసి పెట్టండి. పనిమనిషికీ, చదువురాని అత్తగారికీ ఆ మూడు అంకెలూ ఫోనులో నొక్కడం నేర్పండి. అది ఈ ఆదివారమే చెయ్యండి, వచ్చే ఆదివారానికి వాయిదా వెయ్యకండి.